అవమానం మెట్టు కాదు



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతిసారీ ఒకరిద్దరు మహనీయుల జీవితాలు ఉంటాయి. అవి చదివే మేము పెరిగాం. వక్తృత్వ పోటీల కోసం వాటిని బట్టీ పట్టాం, బహుమతిగా స్టీలు గ్లాసులు, పెన్నులు తెచ్చుకున్నాం. ఈసారి సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు, ఇంతవరకు ఎవరూ రాయని మనిషి గురించి రాద్దామనుకున్నాం. ఆమె దేశనాయకురాలు కాదు, శాస్త్రవేత్త కాదు, కవయిత్రి కాదు. జపాన్ దేశంలో కుస్తీ పట్టే ఒక ఆడమనిషి. పేరు ఆజా కాంగ్.

పేరు చదవగానే నవ్వొచ్చిందా? కుస్తీలో ఇలాంటి పేర్లు నవ్వో భయమో పుట్టించడానికే పెడతారు. కాంగ్ అంటే ఎవరికైనా సినిమాలో పెద్ద కోతి, కింగ్ కాంగ్ గుర్తొస్తుంది. ఆ పేరుతో ఒక నల్లని పిల్లను వేదిక ఎక్కించినప్పుడు చూసేవాళ్ళు ఏమనుకుంటారో, ఆ పిల్లకు ఎలా ఉంటుందో మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

రాస్తున్న చెయ్యి ఒకటే అయినా ‘మేము’ అనే రాస్తున్నాం. ఈ హాస్టల్లో పక్కపక్కన ట్రంకు పెట్టెలు పెట్టుకుని అయిదో తరగతి నుంచి పది దాకా ఉన్నవాళ్ళం. ఒక్కరుగా మాట్లాడటం మాకు అలవాటు కాలేదు. ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చినవాళ్ళలో మేమే మొదలు. ఇప్పుడు పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాం. వయసు ఇరవై మూడు.

మా చిన్నప్పుడు అన్నయ్యల దగ్గర రెజ్లింగ్ ట్రంప్ కార్డులు ఉండేవి. ఎత్తు, బరువు, ఛాతీ, ర్యాంకు అంటూ అరుచుకుంటూ ఆడేవాళ్ళు. ఆ కట్టలో ఆడవాళ్ళ కార్డులు ఒకటో రెండో ఉండేవి, అవి ఎవరి చేతికి వచ్చినా ఓడిపోయినట్టే. పీజీలో చేరాక, పరీక్షల చదువు విసుగొచ్చిన రాత్రుళ్ళు ఫోనులో పాత కుస్తీలు చూస్తుంటే జపాన్ ఆడవాళ్ళ పోటీలు కనిపించాయి. మగవాళ్ళ పోటీల మధ్యలో విరామానికి పెట్టినవి కావవి. సాయంత్రం మొత్తం ఆడవాళ్ళదే, హాలు మొత్తం వాళ్ళ కోసం వచ్చినదే. అందులో ముఖానికి రంగులు పూసుకుని, చేతిలో రేకు డబ్బా పట్టుకుని వచ్చిన మనిషి దగ్గర మా చూపు ఆగింది. ఆ తర్వాత ఆమె గురించి దొరికినదంతా చదివాం.

అదంతా దొంగాట కాదా?

ముందుగా ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో నిర్వాహకులు ముందే నిర్ణయిస్తారన్నది నిజం. ఒలింపిక్స్ కుస్తీ వేరు, ఇది వేరు. అయితే ఫలితం ముందే తెలిసినంత మాత్రాన పడే దెబ్బ ఉత్తిది కాదు. వంద కిలోల మనిషి మీదకు దూకితే నడుముకు ఆ సంగతి తెలుస్తుంది. విరిగిన ముక్కు విరిగినట్టే.

మన ఊళ్ళలో చిందు భాగవతం ఆడేవాళ్ళను తలచుకోండి. కీచకుడు చివరికి చస్తాడని చూసేవాళ్ళందరికీ తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చుంటారు. కీచకుడి వేషం కట్టినవాడు బాగా కడితేనే భీముడికి చప్పట్లు పడతాయి. జపాన్ కుస్తీలో కూడా మంచివాళ్ళు, చెడ్డవాళ్ళు అని రెండు పక్షాలు ఉంటాయి. చెడ్డ పక్షం సరిగా ఆడకపోతే ఆ సాయంత్రం నిలబడదు.

జపాన్‌లో ఆడవాళ్ళ కుస్తీకి పెద్ద సంస్థ ఆల్ జపాన్ విమెన్స్ ప్రో రెజ్లింగ్. 1968లో మత్సునాగా సోదరులు ప్రారంభించారు. 1970ల నడుమ జాకీ సాతో, మాకి ఉఎదా అనే ఇద్దరు ‘బ్యూటీ పెయిర్’ పేరుతో కుస్తీ పట్టడమే కాదు, రింగులో నిలబడి పాటలు కూడా పాడారు. బడి పిల్లలు గుంపులు గుంపులుగా వచ్చారు. 1983లో చిగుసా నగాయో, లయనెస్ ఆసుకా కలిసి ‘క్రష్ గాల్స్’ అయ్యారు. ఫూజీ టీవీలో వాళ్ళ పోటీలు వచ్చేవి. హాలు నిండా స్కూలు ఆడపిల్లలే. వాళ్ళు అరిచే అరుపులకు వ్యాఖ్యాత మాట వినపడేది కాదు.

ఆ ఇద్దరికి ఎదురు నిలిచిన చెడ్డ పక్షానికి నాయకురాలు డంప్ మత్సుమొతో. గొలుసులు, వెదురు కర్ర, ముఖం నిండా రంగులు. 1985 ఆగస్టు 28న ఒసాకాలో నగాయోకూ డంప్‌కూ పోటీ జరిగింది. ఓడినవాళ్ళకు గుండు గీయాలన్నది షరతు. నగాయో ఓడిపోయింది. రింగు మధ్యలోనే ఆమె జుట్టు తీసేస్తుంటే హాల్లో ఆడపిల్లలు వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ దృశ్యం ఇప్పటికీ చూడవచ్చు. ఏడుస్తున్న ఆ ముఖాలు చూస్తే, ముందే నిర్ణయించిన ఆట అన్న మాట నోట రాదు.

తచికావా పిల్ల

టోక్యోకు పడమర వైపు తచికావా అనే ఊరు ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ అమెరికా వైమానిక స్థావరం పెట్టారు. 1977 దాకా అది ఉంది. అలాంటి స్థావరాల చుట్టుపక్కల ఊళ్ళలో జపాన్ తల్లులకూ అమెరికా సైనికులకూ పుట్టిన పిల్లలు ఉండేవాళ్ళు. వాళ్ళను అక్కడ ‘హాఫు’ అంటారు. సగం అని అర్థం. మనిషిని సగం అని పిలవడం చూడండి.

ఎరికా షిషిదో 1970 సెప్టెంబరు 25న ఆ ఊళ్ళో పుట్టింది. తల్లి జపాన్ స్త్రీ, తండ్రి ఆఫ్రికన్ అమెరికన్ సైనికుడు. పిల్ల చిన్నగా ఉండగానే తండ్రి తన దేశానికి వెళ్ళిపోయాడు. తల్లే పెంచింది. అందరి చర్మమూ ఒక రంగులో ఉన్న బడిలో ఈమె ఒక్కతే వేరు. ఒళ్ళు కూడా పెద్దది. తోటి పిల్లలు ఏడిపించిన సంగతి ఆమె పెద్దయ్యాక చాలాసార్లు బయటికి చెప్పుకుంది. మన దగ్గర పుట్టుక పేరు పెట్టి పిలుస్తారు, అక్కడ రంగు పేరు పెట్టి పిలిచారు. పిలిచే నోళ్ళు ఎక్కడైనా ఒక్కటే.

ఆ పిల్ల టీవీలో చిగుసా నగాయోను చూసింది. దెబ్బలు తిని, నేల మీద పడి, మళ్ళీ లేచి నిలబడే ఒక ఆడపిల్లను చూసింది. తానూ అలా కావాలనుకుంది. ఆ రోజుల్లో ఆల్ జపాన్ సంస్థ ఎంపికలకు వేలమంది ఆడపిల్లలు వచ్చేవాళ్ళు. తీసుకునేది వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందిని. ఎరికాను తీసుకున్నారు. 1986 సెప్టెంబరు 17న తొలిసారి రింగులో దిగింది. పదహారో ఏడు నిండటానికి ఇంకా ఎనిమిది రోజులు ఉంది. మన లెక్కలో పదో తరగతి పాసై ఇంటర్మీడియట్‌లో చేరే వయసు.

చేరిన పిల్లలందరూ సంస్థ వసతి గృహంలోనే ఉండాలి. పెందలాడే లేవాలి. పరుగు, గుంజీలు, దొర్లడం, పడటం నేర్చుకోవాలి. కుస్తీలో మొదటి పాఠం కొట్టడం కాదు, పడటం. తల నేలకు తగలకుండా వీపు మీద ఎలా పడాలో వందలసార్లు చేయిస్తారు. సీనియర్ల బట్టలు ఉతకాలి, బరువులు మోయాలి, రింగు బిగించడానికి చెయ్యి వేయాలి. మందు, సిగరెట్టు, మగస్నేహం మూడూ నిషేధం. ఇరవై అయిదేళ్ళు వచ్చేసరికి విరమించుకోవాలన్నది రాయని నియమం. ఏడాదికి రెండు వందలకు పైబడి ఊళ్ళలో ప్రదర్శనలు, బస్సులోనే సగం నిద్ర.

ఇది చదువుతుంటే మాకు మన హాస్టల్ గంట వినిపించింది. అయిదింటికి స్టడీ అవర్, బోరింగ్ దగ్గర వరుస, శనివారం గదులు కడగడం. తేడా ఏమిటంటే మనల్ని కట్టిపడేసిన నియమాలు మనం చదువుకోవాలని పెట్టినవి. వాళ్ళవి మాత్రం సంస్థ డబ్బు కోసం పెట్టినవి. అయినా పదిహేనేళ్ళ పిల్లకు ఒక గది, ఒక పూట అన్నం, ఒక విద్య, పక్కన తన ఈడు పిల్లలు దొరికారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

కోరుకున్న పక్షం దొరకలేదు

నగాయోను చూసి వచ్చిన పిల్ల నగాయో పక్కన నిలబడాలనుకోవడం సహజం. సంస్థ అలా అనుకోలేదు. ఆమెను డంప్ మత్సుమొతో పక్షంలో, అంటే చెడ్డవాళ్ళ వైపు వేశారు. చూడటానికి ఎవరు చెడ్డవాళ్ళలా కనిపిస్తారో వాళ్ళను అటు పంపడం అక్కడి పద్ధతి. లావు వాళ్ళు, మొరటు ముఖం వాళ్ళు, అందరిలా లేనివాళ్ళు అటు వైపు. సన్నగా, తెల్లగా ఉన్నవాళ్ళు ఇటు వైపు. మన బడి నాటకాల్లో భరతమాత వేషం ఎవరికి ఇస్తారో, రాక్షసి వేషం ఎవరికి ఇస్తారో మీకు తెలుసు కదా.

తర్వాత ఆమెకు ఆజా కాంగ్ అనే పేరు వచ్చింది. ముఖానికి రంగులు వచ్చాయి. చేతికి ‘ఇత్తోకాన్’ వచ్చింది. ఇత్తోకాన్ అంటే పద్దెనిమిది లీటర్లు పట్టే నలుపలకల రేకు డబ్బా. అచ్చం మన మెస్సులో వంటనూనె వచ్చే డబ్బా లాంటిది. మన దగ్గర అది ఖాళీ అయితే నీళ్ళకూ, బియ్యానికీ, తులసి మొక్కకూ, కూర్చోవడానికీ పనికొస్తుంది. ఆమె దాన్ని ఎదుటివాళ్ళ నెత్తిన మోగించింది. ఆ మోతకు హాలంతా ఒక్కసారి ఉలిక్కిపడేది. ఇంకొకటి ఆమె సొంత దెబ్బ ‘ఉరాకెన్’. గిరుక్కున తిరిగి పిడికిలి వెనక వైపుతో ముఖం మీద కొట్టడం. ఎంత పెద్దవాళ్ళయినా దానికి కింద పడేవాళ్ళు.

1988లో డంప్ విరమించుకుంది. 1989లో నగాయో, ఆసుకా ఇద్దరూ వెళ్ళిపోయారు. స్కూలు పిల్లలు హాళ్ళకు రావడం తగ్గిపోయింది. సంస్థకు గడ్డుకాలం. అప్పుడు దాన్ని నిలబెట్టినవాళ్ళు మంచి పక్షం అందగత్తెలు కాదు, చెడ్డ పక్షంలో పెరిగిన ఇద్దరు. ఒకరు బుల్ నకానో, ఒకరు ఆజా కాంగ్. బుల్ నకానో 1990 జనవరిలో ఆ సంస్థ అతి పెద్ద బెల్టు గెలిచింది. దాన్ని ‘ఎర్ర బెల్టు’ అంటారు. ఆజా ఆమె పక్షం నుంచి విడిపోయి, బైసన్ కిమురాతో కలిసి ‘జంగిల్ జాక్’ అనే జోడీ కట్టింది.

1990 నవంబరు 14న యొకొహామాలో బుల్‌కూ ఆజాకూ ఇనుప పంజరంలో పోటీ. చివర్లో బుల్ ఆ పంజరం కొస దాకా ఎక్కింది. చేతులు జోడించినట్టు ఒక్క క్షణం నిలబడి, కింద పడి ఉన్న ఆజా మీదకు దూకింది. ఆజా ఓడింది. రెండు నెలలు తిరగకముందే, 1991 జనవరిలో కవాసాకిలో జుట్టు పందెం. అందులో కూడా జంగిల్ జాక్ ఓడింది. ఆజాకూ బైసన్‌కూ గుండ్లు చేశారు. జోడీ కదా, ఇద్దరికీ చేశారు.

అక్కడితో కథ ముగిసినా ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. ఆమె మళ్ళీ మళ్ళీ బుల్ ఎదుట నిలబడింది. 1992 నవంబరులో, అదే కవాసాకిలో, బుల్ దగ్గర మూడేళ్ళకు దగ్గరగా ఉన్న ఎర్ర బెల్టు ఆజా గెలుచుకుంది. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు. మా కంటే ఒక ఏడు చిన్నది.

ఎర్ర బెల్టు

అక్కడి నుంచి రెండేళ్ళ నాలుగు నెలలు ఆ బెల్టు ఆమెదే. ఆ కాలం జపాన్ ఆడవాళ్ళ కుస్తీకి మంచి రోజులని చాలామంది చెబుతారు. వేరు వేరు సంస్థల వాళ్ళు ఒకరి మీద ఒకరు పోటీకి దిగడం అప్పుడే జోరందుకుంది. 1994 నవంబరు 20న టోక్యో డోమ్‌లో ఆడవాళ్ళ కుస్తీ పండుగ పెట్టారు. దాదాపు పది గంటల సేపు సాగింది. నలభై రెండు వేలకు పైగా జనం వచ్చారని నిర్వాహకులు ప్రకటించారు. ఆ రాత్రి టోర్నమెంటు ఫైనల్లో అకిరా హొకుతో చేతిలో ఆజా ఓడింది. అదే రాత్రి అదే చోట బుల్ నకానో అమెరికా వాళ్ళ డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్. మహిళా బెల్టు గెలుచుకుంది. చెడ్డ పక్షం అని ఒకప్పుడు పక్కకు పెట్టిన ఇద్దరూ బేస్‌బాల్ మైదానమంత హాలును అలా నింపారు.

1995 మార్చి 26న యొకొహామా అరీనాలో మనామి తొయోతా చేతిలో ఆజా ఎర్ర బెల్టు పోగొట్టుకుంది. తొయోతా సన్నగా, మెరుపులా ఉండే మనిషి. ఆజా కొండలా నిలబడి ఆమె ఎగురులన్నీ మీద వేసుకుంది. ఆ పోటీ చూస్తే మాకు ఒక సంగతి అర్థమయింది. ఎదుటివాళ్ళు ఎంత గొప్పగా ఉన్నారో చూసేవాళ్ళకు చూపించడం కూడా ఒక విద్య. బలం ఉన్నవాళ్ళే ఆ పని చేయగలరు.

అదే ఏడాది నవంబరులో ఆమె అమెరికా వెళ్ళి డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్. సర్వైవర్ సిరీస్‌లో ఆడింది. నలుగురు నలుగురుగా జరిగిన ఆ పోటీలో చివరికి మిగిలింది ఆమె ఒక్కతే. అక్కడి ఛాంపియన్‌తో బెల్టు పోటీ జరగవలసి ఉండగా, ఆ ఛాంపియన్ సంస్థ మారి, బెల్టును ఇంకో టీవీ కార్యక్రమంలో చెత్తబుట్టలో వేసింది. దాంతో ఆడవాళ్ళ కుస్తీయే అక్కడ కొంతకాలం మూతపడింది. తండ్రి దేశంలో తెరుచుకున్న తలుపు తన తప్పేమీ లేకుండానే మూసుకుపోయింది.

ఇరవై అయిదేళ్ళు వచ్చాయి. రాయని నియమం ప్రకారం ఇంటికి వెళ్ళాలి. వెళ్ళలేదు. 1997లో ఆల్ జపాన్ సంస్థ అప్పులపాలై, జీతాలు సరిగా ఇవ్వలేని స్థితికి వచ్చింది. చాలామంది ఆటగత్తెలు బయటికి వచ్చారు. ఆజా కూడా వచ్చి, రోసీ ఒగావాతో కలిసి ‘ఆర్సియన్’ అనే కొత్త సంస్థను నిలబెట్టింది. 1998 ఫిబ్రవరిలో దాని మొదటి ప్రదర్శన. తనను ఏ పక్షంలో వేయాలో ఒకప్పుడు వేరేవాళ్ళు నిర్ణయించారు. ఇప్పుడు సంస్థ నిలబెట్టినవాళ్ళలో తానే ఒకరు. 2001లో అక్కడి నుంచీ బయటికి వచ్చి, తన చిన్ననాటి ఆరాధ్యురాలు నగాయో స్థాపించిన గయా జపాన్ వంటి సంస్థల్లో ఆడింది. ఆల్ జపాన్ సంస్థ 2005లో మూతపడింది. దాని నియమాలూ దానితోపాటే పోయాయి.

2019 మే నెలలో అమెరికాలోని లాస్ వేగస్‌లో ఏ.ఇ.డబ్ల్యూ. అనే కొత్త సంస్థ తొలి పెద్ద ప్రదర్శన పెట్టినప్పుడు ఆజా కాంగ్ రింగులోకి వచ్చింది. వయసు నలభై ఎనిమిది. ఆమె పేరు వినగానే, ఆమె పోటీలను క్యాసెట్లలోనూ ఫోన్లలోనూ చూసి పెరిగిన జనం లేచి నిలబడ్డారు. 2025 ఏప్రిల్‌లో మెయికో సతోమురా అనే పెద్ద ఆటగత్తె విరమించుకుంటూ ఆడిన చివరి పోటీలో ఎదుటి పక్షాన నిలబడింది కూడా ఆజా కాంగే. వయసు యాభై నాలుగు. ఇరవై అయిదుకు ఇంటికి పొమ్మన్న ఆటలో అది.

మాకు వచ్చిన అభ్యంతరం

ఈ కథను వేదికల మీద చెప్పే పద్ధతి ఒకటుంది. నల్లదని ఏడిపించారు, పట్టుదల పెరిగింది, ఛాంపియన్ అయింది, కాబట్టి పిల్లలూ, అవమానాలే విజయానికి మెట్లు! ఈ వాక్యం మన హాస్టల్లో ఎన్ని వార్షికోత్సవాల్లో విన్నామో లెక్కలేదు. ముఖ్య అతిథులు అంటారు, మా ముందు బ్యాచ్ అక్కలు అంటారు. గోడ మీద చార్టు మీద కూడా రాసి ఉండేది. మేమూ చప్పట్లు కొట్టాం. ఇప్పుడు దానికి అభ్యంతరం చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

మా గదిలో పదమూడు మందిమి ఉండేవాళ్ళం. ఎనిమిదో తరగతిలో ఒక నేస్తం మానేసింది. ఆమె మా అందరికంటే లెక్కలు బాగా చేసేది. బీజగణితం మాకు నేర్పింది ఆమే. అప్పుడు మేము చదివే బడిలో ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలు, మనం, రెండు వరుసలుగా కూర్చునేవాళ్ళం. ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. ‘ఏయ్ హాస్టల్’ అనేవాళ్ళు. రంగు పేరు కలిపి ఇంకొకటి అనేవాళ్ళు. ఆ పేరు ఇక్కడ రాయం. ఒకరోజు బోర్డు మీద లెక్క చేయమని పిలిచినప్పుడు పాఠం చెప్పేవాళ్ళ నోట కూడా అదే పేరు వచ్చింది. క్లాసంతా నవ్వింది. ఆమె లెక్క పూర్తి చేసింది, చాక్‌పీసు బల్ల మీద పెట్టింది, వచ్చి కూర్చుంది. దసరా సెలవులకు ఇంటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. వార్డెన్ మేడం రెండుసార్లు వాళ్ళ ఊరు వెళ్ళి వచ్చారు. అయినా రాలేదు.

అవమానం మెట్టయితే, ఆమె మా అందరికంటే పైన ఉండాలి. ఆమెకు పడినన్ని మాకెవరికీ పడలేదు. మెట్టు అనే మాటలో ఆమెకు చోటెక్కడుంది? ఆ మాట నిజమైతే, ఎక్కలేకపోవడం ఆమె తప్పవుతుంది. అందుకే ఆ మాట మాకు నచ్చదు.

తచికావాలోనూ అంతే అయి ఉండాలి. ఆ ఊళ్ళో అలా పుట్టిన పిల్ల ఎరికా ఒక్కతే కాదు. ఆ మాటలు పడిన పిల్లలందరూ ఛాంపియన్లు కాలేదు. మాటలు అందరికీ పడ్డాయి. మరి ఆమెకు వేరుగా దొరికిందేమిటి? మేము లెక్క వేసి చూశాం. టీవీలో ఒక నగాయో కనిపించింది, అంటే కావాలనుకోవడానికి ఒక మనిషి. పదిహేనేళ్ళ పిల్లను తీసుకునే ఒక తలుపు తెరిచి ఉంది. ఉండటానికి ఒక గది, తినడానికి అన్నం, నేర్పే పెద్దలు దొరికారు. గుండు గీయించుకునేటప్పుడు పక్కన కూర్చుని తానూ గీయించుకునే బైసన్ కిమురా దొరికింది. ఆటబొమ్మగా చూడకుండా పంజరం మీద నుంచి దూకేంత గట్టిగా తనతో తలపడిన బుల్ నకానో దొరికింది. వీటన్నిటి మీద వేలసార్లు పడటం నేర్చుకున్న ఆమె సొంత వీపు ఉంది.

ఇవీ మెట్లంటే. అవమానం మెట్టు కాదు. మెట్ల మీద ఎవరో పోసిన బురద. దాని మీద జారకుండా ఎక్కినవాళ్ళను మెచ్చుకుందాం. బురదను మాత్రం మెచ్చుకోవద్దు.

మన సంగతీ అదే. మేము పీజీ దాకా వచ్చామంటే, మమ్మల్ని ఏదో అన్నవాళ్ళ పుణ్యం కాదు. ఈ హాస్టల్లో పడుకోవడానికి చాప ఉంది. వారానికి ఇన్ని గుడ్లని లెక్క ఉంది. పరీక్ష ఫీజు కట్టలేనప్పుడు తన జీతంలోంచి కట్టిన ట్యూటర్ మేడం ఉన్నారు. రాత్రి కరెంటు పోతే లాంతరు చుట్టూ పదమూడు తలలు ఉన్నాయి. ఇంటి దగ్గర, కూలి డబ్బుల్లోంచి బస్సు ఛార్జీలు వేరుగా మూటగట్టి పంపిన మా అమ్మ ఉంది. వేలిముద్ర వేసే మా అమ్మ, మా డిగ్రీ పట్టాను తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది. ఎవరి మాటలూ మాకు ఆ పట్టా ఇవ్వలేదు.

పేరు సంగతి ఇంకొకటి ఉంది. ఆజా కాంగ్ ఆ పేరును వదిలిపెట్టలేదు. నవ్వడానికి పనికొచ్చే పేరును ముప్పై ఏళ్ళకు పైగా మోసి, వినగానే హాలు లేచి నిలబడే పేరు చేసింది. అది ఆమె ఎంచుకున్న దారి. అందరూ అలాగే చేయాలని లేదు. ఎవరైనా మిమ్మల్ని పిలవకూడని పేరుతో పిలిస్తే దాన్ని మోసి గొప్ప చేసే బాధ్యత మీది కాదు. చెల్లెళ్ళారా, వెంటనే మీ అసలు పేరు గట్టిగా చెప్పండి. ఒక్కరే చెప్పలేకపోతే పక్కనున్నవాళ్ళు చెప్పండి. వరుసలో ఉన్న పదమూడు మందీ చెప్పండి. జోడీ కట్టినవాళ్ళకు గుండు గీసినా ఇద్దరికీ గీస్తారు, ఒక్కరి తలే బోసిగా ఉండదు.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. రేపు వేదిక ఎక్కి మైకు పట్టుకున్నప్పుడు అవమానాలే మెట్లని పిల్లలకు చెప్పకండి. మిమ్మల్ని నిజంగా పైకి ఎక్కించినవి ఏమిటో పేరు పేరునా చెప్పండి. అప్పుడు ఈ హాస్టల్‌కు ఇంకా ఏమి కావాలో అందరికీ తెలుస్తుంది. స్టడీ హాలులో రెండు లైట్లు వెలగడం లేదు. అవి వేయించడం కూడా ఒక మెట్టే.

మా లెక్కల నేస్తం ఇప్పుడు మిరప తోటల్లో పనికి వెళుతోంది. పాప రెండో తరగతి చదువుతోంది. మొన్న సంక్రాంతికి కనిపించినప్పుడు, పాపకు ఎక్కాలు ఎంత దాకా వచ్చని అడిగితే, ‘పదమూడు దాకా నేనే నేర్పినా’ అంది. ఈ సంచిక ప్రతి ఒకటి ఆమెకు పంపుతున్నాం. పై అట్ట మీద ఆమె అసలు పేరే రాశాం.

– పూర్వ విద్యార్థినులు, ఎం.ఎ. ద్వితీయ సంవత్సరం